ఎవరు రాలేదో చూడు, పాపా

పాపా,

నీకు హెచ్.ఎం.గా ప్రమోషన్ వచ్చిందనీ, ఆదోని డివిజన్‌లోనే ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వేశారనీ మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఉగ్గాని ముందు కూర్చుని ఉన్నాను. షుగరున్న సంగతి మరిచిపోయి ఆ సంతోషంలో ఇంకో రెండు బజ్జీలు తిన్నాను. సాయంత్రానికి నీ మెసేజ్ వచ్చింది: "మామా, స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాలంట. నీ దగ్గర మంచి నమూనా ఉంటే పంపు."

నమూనా ఉంది. పంపను. ఎందుకో చెబుతా, నవ్వకు.

నేను కొత్తగా హెచ్.ఎం. అయిన ఏడు ఇట్లాగే పక్క మండలంలోని స్నేహితుణ్ణి అడిగి వాళ్ళ బడి ప్రణాళిక తెచ్చుకున్నాను. నలభై పేజీలు, స్పైరల్ బైండింగు. డీటీపీ సెంటర్లో కూర్చుని బడి పేరు, ఊరి పేరు, పిల్లల సంఖ్య మార్పించి, సంతకం పెట్టి మండలాఫీసులో ఇచ్చాను. భేష్ అన్నారు. ఆరు నెలల తర్వాత బడి కమిటీ మీటింగులో, ఊళ్ళో కిరాణా కొట్టు నడిపే ఒక తండ్రి ఆ ప్రతిని తిరగేస్తూ, "సార్, దీంట్లో బోరు వేయించాలని రాసినారే. మన బడిలో రెండు బోర్లుండాయి గదా, నీళ్ళు లేవు గానీ" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆ నలభై పేజీల్లో మా బడి ఎక్కడా లేదు. ఆ పుస్తకం ఇప్పుడు అటక మీద ఉంది, అక్కడే ఉండనీ.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీది, 22వ సెక్షన్ అభివృద్ధి ప్రణాళికది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదువు. ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీ అని ఉంటుంది, హెచ్.ఎం. అని ఉండదు. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులుండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. జరిగేది నీకు తెలియంది కాదు. హెచ్.ఎం. రాత్రి కూర్చుని రాస్తాడు, పొద్దున అటెండరు మినిట్స్ పుస్తకమూ ఇంకు ప్యాడూ సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు పట్టుకొస్తాడు. నేనూ పంపాను. ఒకసారి ఒక తల్లి వేలు ప్యాడు మీద పెట్టబోయి ఆగి, "ఏం రాసినారు సామీ దీంట్లో?" అని అడిగిందట. అటెండరుకు తెలియదు. వచ్చి నన్నడిగితే నాకూ సరిగా గుర్తు లేదు.

అందుకని, రాసే ముందు ఊళ్ళో కూర్చో. పొద్దున పదకొండు గంటలకు మీటింగు పెట్టి "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని స్టాఫ్‌రూంలో అనుకోవడం మానెయ్. ఆ పూట బడికొస్తే వాళ్ళకు కూలి పోతుంది. పొద్దు గుంకినాక రచ్చకట్ట దగ్గరికి నువ్వే వెళ్ళు. కుర్చీ తెప్పించుకోకు. ప్రణాళిక అనే మాటే ఎత్తకు. "మీ పిల్లలు ఏ నెలలో బడి మానేస్తారు?" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులే నీ ప్రణాళికలో మొదటి పేజీ.

నీ ఊరి క్యాలెండరు ప్రభుత్వం అచ్చేసే అకడమిక్ క్యాలెండరు లాంటిది కాదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గర జనం. పీర్ల పండుగ. దసరాకు దేవరగట్టు. ఇవన్నీ రెండు మూడు రోజుల గైర్హాజరు, పోయినవాళ్ళు తిరిగొస్తారు. అసలుది దీపావళి దాటాక మొదలవుతుంది. సుగ్గి. నువ్వు కర్నూల్లో పెరిగినదానివి, ఆ మాట పేపర్లో చదివి ఉంటావు. నేను చూశాను. సాయంత్రం దాకా బడిలో ఉన్న పిల్లలు తెల్లారేసరికి ఉండరు. గిన్నెలు, బియ్యం మూటలు, మంచాలు, కోళ్ళ గంపలతో సహా లారీ ఎక్కి గుంటూరు వైపు పత్తి తీతకో మిరప కోతకో పోతారు. ఇంటికి తాళం. గడప దగ్గర అవ్వ ఒక్కతే. ఉగాది చుట్టుపక్కల తిరిగొస్తారు. అప్పటికి సిలబస్ అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఒక తమాషా చూడు. బడుల లెక్కలన్నీ ఎక్కించే యూ-డైస్‌లో పిల్లల సంఖ్యకు ఏళ్ళ తరబడి సెప్టెంబరు 30నే ఆధారంగా తీసుకున్నారు. సుగ్గి దీపావళి తర్వాత. అంటే ఆ లెక్క ప్రకారం మన వైపు పిల్లలందరూ నిక్షేపంగా బడిలోనే ఉన్నట్టు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగు జరిగింది, మంచి పనే. కానీ ఏ తల్లిదండ్రులతో ముందుగా మాట్లాడాలో వాళ్ళు ఆ నెలలో గుంటూరు చేలల్లో ఉంటారు. పైవాళ్ళను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. రాష్ట్రానికంతా ఒకే తేదీ పెట్టక తప్పదు. నీ బడికి నీ తేదీ నువ్వు పెట్టుకోవచ్చు.

ఆగస్టులోనే జాబితా రాయి. ఏ ఇల్లు పోతుంది, ఏ ఇంట్లో అవ్వో తాతో ఉంటారు, ఎవరిని వదిలిపెట్టి పొమ్మని అడగవచ్చు. వలసవెళ్ళేవాళ్ళ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. ఊరు ఖాళీ అయ్యాక అడిగితే లాభం లేదు, పేర్లతో సహా ముందుగానే పంపు. తప్పక పోయే పిల్లల చేతికి తరగతి, నీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఇవ్వు. పోయినచోట దగ్గర్లో బడి ఉంటే ఆ చీటీ చూపి కూర్చోమను. తిరిగొచ్చాక ఏం చేస్తావో కూడా ఇప్పుడే రాసుకో. ఎవరు చెబుతారు, ఏ గంటలో చెబుతారు, ఏ పాఠాలు వదిలేస్తారు. పేరుతో, తేదీతో రాసిన వాక్యాన్నే నేను ప్రణాళిక అంటాను. "విద్యార్థుల హాజరు పెంచుటకు చర్యలు తీసుకొనబడును" అన్నది ఎవరికీ తగలని వాక్యం.

సరే, నన్ను సన్మానించిన సంగతి చెప్పాలి. మీ అత్తకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2013 వేసవిలో మా బడికి పదో తరగతిలో నూటికి నూరు శాతం వచ్చింది. నలభై ఒక్క మంది రాస్తే నలభై ఒక్క మందీ పాస్. దండ వేశారు, శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వచ్చింది. జూన్‌లో ఏదో టి.సి. వెతుకుతూ పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. ఆ బ్యాచి 2008లో ఆరో తరగతిలో చేరినప్పుడు అరవై రెండు పేర్లున్నాయి. కుర్చీలో కూర్చుని ఒక్కో పేరూ వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. పరీక్ష రాసిన నలభై ఒక్కరిలో ముగ్గురు మధ్యలో వేరే ఊళ్ళ నుంచి వచ్చి చేరినవాళ్ళు. అంటే మొదటి అరవై రెండులో మిగిలింది ముప్ఫై ఎనిమిది. ఇరవై నలుగురు లేరు. అందులో ముగ్గురు టి.సి. తీసుకుని వేరే బడికి పోయారు. మిగతా ఇరవై ఒక్క మంది ఎక్కడికి పోయారో మా బడిలో ఏ కాగితమూ చెప్పలేదు.

కొందరి సంగతి కాగితం లేకపోయినా నాకు తెలుసు. ఇద్దరు అబ్బాయిలను నేనే తొమ్మిదిలో పిలిచి, "మీరు ఈసారి ప్రైవేటుగా కట్టుకోండ్రా" అన్నాను. లెక్కల్లో తప్పుతారని, రిజల్టు పాడవుతుందని. వాళ్ళు తలూపి పోయారు. ఒకణ్ణి చాలా ఏళ్ళ తర్వాత ఆదోని మార్కెట్ యార్డులో చూశాను, కాటా దగ్గర. పత్తి బోరేల తూకం, తరుగు తీసేసి, క్వింటాలు ధరతో హెచ్చించి, రైతుకు ఎంత వస్తుందో నోటితో చెప్పేస్తున్నాడు. పక్కన కాలిక్యులేటరు పట్టుకున్న గుమస్తా ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. నన్ను చూసి టీ తెప్పించాడు. నేను తాగాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

నువ్వు పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పావు. శాతం కట్టేటప్పుడు కింద ఏ సంఖ్య వేస్తున్నామో చూడమని పిల్లలకు చెప్పే ఉంటావు. బడి ఫలితం కట్టేటప్పుడు మనం కింద వేసే సంఖ్య పరీక్ష రాసినవాళ్ళది. వెయ్యాల్సింది ఆరులో చేరినవాళ్ళది. ఆ లెక్కన నా నూరు శాతం ముప్ఫై ఎనిమిది బై అరవై రెండు. ఎంతో నువ్వే కట్టుకో.

ఇంకొకటి. ఆరులో చేరినవాడు ఎక్కడ నిలబడి చేరాడో తెలియకపోతే, పదిలో ఎంత దూరం వచ్చాడో ఎట్లా తెలుస్తుంది? బడి తెరిచిన మొదటి వారం ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిని విడిగా పిలిచి ఐదు నిమిషాలు కూర్చోబెట్టుకో. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే పద్ధతి చాలు, కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో తీసివేత, భాగహారం. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో పేరు పక్కన రాసుకో. అసర్ వాళ్ళు బడికి రారు, గమనించావా? ఊళ్ళోకి పోయి ఇళ్ళ దగ్గర అడుగుతారు. ఆ రోజు బడికి రానివాడు, అసలు బడిలోనే లేనివాడు కూడా లెక్కలోకి రావాలని.

ఈ పని టెస్టు పేపరుతో చేయకు. ఎందుకంటావా? ఒకసారి ఆరో తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాను. సైన్సు క్లాసు. నా పక్క పిల్లవాడు బోర్డు మీది జవాబును నోట్సులోకి ఎక్కిస్తున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒత్తులు, దీర్ఘాలు, గీత కొట్టిన శీర్షిక, ఎక్కడా తప్పు లేదు. నా చేత్తో ఆ పేజీ మీద ఒక్క పదం తప్ప మిగతాదంతా మూసి, "ఇది చదువు నాయనా" అన్నాను. వాడు నా మొహం చూశాడు, బోర్డు వైపు చూశాడు. "సార్, నేను ఎక్కించుకుంటాను గానీ చదవరాదు" అన్నాడు. అంత నిజాయితీగా ఏ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోనూ రాయడం నేను చూడలేదు. ఆ నోట్సు మీద ఎర్ర ఇంకుతో 'వెరీ గుడ్' అని ఉంది.

ఆ ఐదు నిమిషాల పరీక్షే దసరా తర్వాత ఒకసారి, మార్చిలో ఒకసారి పెట్టు. ఏ టీచరు చెప్పిన పిల్లల్ని ఆ టీచరు చూడకూడదు, ఇంకొకరు చూడాలి. మొదట్లో కొంచెం గుర్రుగా ఉంటారు. నువ్వు చెప్పే లెక్కల క్లాసును ముందుగా చూడమను, సర్దుకుంటారు.

ఇక టైంటేబుల్. నా మాట వినేది ఇదొక్కటే అయితే ఇదే విను. నీ బడిలో అందరికంటే బాగా తెలుగు చెప్పే మనిషిని, అందరికంటే ఓపికగా లెక్కలు చెప్పే మనిషిని ఆరో తరగతికి వెయ్యి. మనమంతా చేసేది దీనికి తలకిందులు. బాగా చెప్పేవాళ్ళందరినీ పదికి వేసి, ఆరుకు మిగిలినవాళ్ళను సర్దుతాం. నాలుగేళ్ళు పునాది వదిలేసి డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక అంటూ గోడలకు సున్నం కొడతాం. ఆ వంద రోజుల కాగితం నిన్నూ అడుగుతారు, రాసివ్వు, స్టడీ అవర్స్ పెట్టు, తప్పదు. కానీ పిల్లల్ని ఎ, బి, సి గ్రూపులని పేర్లు పెట్టి గోడకు అంటించకు. సి గ్రూపు అమ్మాయి ఒకతి తన పేరున్న చోట చాక్‌పీసుతో రుద్దుతుంటే చూశాను నేను.

స్టాఫ్‌రూంలో ఒక మాట వింటావు, నువ్వూ అని ఉంటావు: "ఇళ్ళల్లో చదువు లేనిది మనమేం చేస్తాం?" ఆ మాటకు పెద్ద వంశమే ఉంది. అమెరికాలో 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం ఇచ్చిన నివేదిక చదివి, పిల్లల చదువులో తేడాలకు ఇంటి పరిస్థితులే ముఖ్యమని, బడి వల్ల ఒరిగేది తక్కువేనని చాలామంది అర్థం చేసుకున్నారు. మైకేల్ రట్టర్ బృందం లండన్ నడిబొడ్డున 12 హైస్కూళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1979లో వేరే మాట చెప్పింది. ఒకేలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కొన్ని బడుల్లో బాగుపడుతున్నారు, కొన్నింట్లో చెడుతున్నారు. తేడా భవనాల్లో దొరకలేదు. పాఠం వేళకు మొదలవడం, హోంవర్కు ఇచ్చి దిద్దడం, పిల్లల పని గోడ మీద కనిపించడం, మెచ్చుకోవడం, పిల్లలకు బాధ్యతలు అప్పగించడం లాంటి చిన్న చిన్న వాటిలో దొరికింది.

నేను అది చదివి మరునాడు గడియారం పట్టుకుని వరండాలో నిలబడ్డాను. ఇంటర్వెల్ బెల్లు కొట్టాక మొదటి వాక్యం చెప్పేసరికి ఒక్కో తరగతిలో ఆరు నిమిషాలు, తొమ్మిది, పదకొండు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉన్నాయి. రోజుకు ఎన్ని నిమిషాలు వరండాలో పోతున్నాయో 220తో హెచ్చించి స్టాఫ్ మీటింగులో బోర్డు మీద రాశాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తితే మొదటి పేరు నాదే, ఎందుకంటే బెల్లు తర్వాత టీచర్లను ఆఫీసుగదికి పిలిచి సర్క్యులర్లు చదివి వినిపించేది నేనే.

మరుగుదొడ్ల సంగతి చెప్పకపోతే మీ అత్త ఊరుకోదు. యూ-డైస్‌లో 'బాలికల మరుగుదొడ్డి, పనిచేస్తున్నది' అన్నచోట అవును అని కొడతాం. తాళంచెవి ఎక్కడుంది? మా బడిలో స్టాఫ్‌రూం సొరుగులో ఉండేది. తొమ్మిదో తరగతి ఆడపిల్ల నలుగురు మగ మాస్టార్లు కూర్చున్న గదిలోకి వచ్చి తాళంచెవి అడుగుతుందా? నీళ్ళు తాగడం మానేస్తుంది. నెలలో నాలుగు రోజులు బడికి రావడం మానేస్తుంది. మనం 'అనారోగ్యం' అని రాసుకుంటాం. బడి ఆయమ్మ చెప్పే దాకా నాకు తోచలేదు. నీకు తోస్తుంది, అయినా చెబుతున్నా. ఇంకో సంగతి, తొమ్మిదీ పదీ ఆడపిల్లలు వరసగా వారం రాకపోతే ఇంటికి పో. పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. ముందు అవ్వతో మాట్లాడు. వినకపోతే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

ఇక శాలా సిద్ధి, బడి తనను తానే అంచనా వేసుకునే ఫారం. 2015లో న్యూపా వాళ్ళు తెచ్చింది. ఏడు రంగాలు, 46 ప్రమాణాలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు. తిట్టుకోకు, బాగా ఆలోచించి చేసిన ఫారం అది. పాడుచేసింది మనం. నేను అరగంటలో చాలావాటికి మూడో స్థాయి కొట్టి అప్‌లోడ్ చేయించాను. ఒకటి వేస్తే వివరణ అడుగుతారేమోనని భయం. మూడో స్థాయిలో ఉన్న బడికి ఇంక ప్రణాళిక దేనికి? నువ్వు ఒకటి ఉన్నచోట ఒకటే వెయ్యి, ఎందుకు ఒకటో రెండు వాక్యాలు రాయి. ఆ ఒకట్లలో ఏడాదికి మూడు తీసుకో, అంతకు మించి వద్దు. మూడు పనులు పూర్తయిన బడిని చూశాను, ముప్ఫై పనులు పూర్తయిన బడిని ఇంతవరకూ చూడలేదు.

ఏడాది చివర కమిటీ ముందు ఆ మూడూ చదివి వినిపించు. ఏది జరిగింది, ఏది జరగలేదు. జరగనిదాన్ని దాచకు. ఊరివాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

మన బడులు తెరిచేది జూన్ 12న. అంతకు ముందు ఒక ఆదివారం ఆదోని వచ్చి పో, మీ అత్త సద్ద రొట్టె చేస్తానంది. స్పైరల్ బైండింగు ప్రణాళిక ఇవ్వను గానీ ఒక నల్ల అట్ట నోటుపుస్తకం ఇస్తాను. ఆ ఇరవై ఒక్క మంది పేర్లూ అందులో ఉన్నాయి. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో, ఏం చేస్తున్నారో తెలిసినప్పుడల్లా పక్కన రాస్తూ వచ్చాను. పదిమంది దొరికారు. పదకొండు పేర్ల పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.

మీ మామ